ముక్కు లేచిన బండి

బావ నన్ను ఒక పెద్ద ప్లాస్టిక్ సంచి మీద కూర్చోబెట్టి కదలొద్దన్నాడు. సంచిలో అప్పుడే కలిపి పోసిన నురగ మందు బుసబుసా పొంగి, నా నడుము చుట్టూ, భుజాల వెనక, తొడల కింద ఖాళీ ఉన్న చోటికల్లా పాకి, కాసేపటికి బెండులా గట్టిపడింది. వీపు కాలుతోందంటే "ఇంగ కొంచేపు మే, ఇంగ కొంచేపు" అంటూ నా చుట్టూ తిరిగాడు. నన్ను లేపాక ఆ అచ్చును పసిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని మా అక్క దగ్గరికి తీసుకుపోయాడు. దాని మీద తోలు కుట్టాల్సింది ఆమే.

ఆ సీటు నా కోసం కాదు. కర్నూలులో గ్రానైట్ వ్యాపారం చేసే ఒక పెద్దాయన కోసం. ఆయనది ఆలూరు పక్క పల్లె. రేసు ట్రాకుల మీద కార్లు తిప్పడం ఆయనకు పిచ్చి. మనిషి పొట్టి, సన్నం. కడప శివార్లలోని మా బావ షెడ్డుకు ఒకసారి వచ్చినప్పుడు, బావ మా ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టి చూశాడు. ఒకే ఎత్తు. ఆయనకు తీరిక ఉండదు, నేను రోజూ అందుబాటులో ఉంటాను. కాబట్టి స్టీరింగ్ ఎంత దూరంలో ఉండాలి, బ్రేకు ఎక్కడ ఉండాలి, తల మీద కప్పు ఎంత ఎత్తుండాలి, అన్నీ నా కొలతలతోనే జరిగాయి. నేను కడపలో ఆడవాళ్లకు కారు నేర్పే స్కూలు నడుపుతాను. సాయంత్రం క్లాసులు అయ్యాక షెడ్డుకు పోయి, ఇంకా చర్మం లేని ఆ ఇనుప గొట్టాల పంజరంలో దూరి కూర్చోవడం ఆ రెండేళ్లూ నాకు అలవాటైపోయింది.

బావ వాళ్ల నాన్న బస్సులకు బాడీలు కట్టేవాడు. బావ ఆ పని నేర్చుకుని, తర్వాత కోయంబత్తూరులో రేసు కార్లు చేసే ఒక చిన్న వర్క్‌షాపులో కొన్నేళ్లు పనిచేశాడు. అక్కడికి ఒకసారి ఇటలీలో చేత్తో చేసిన పాత కారు ఒకటి రిపేరుకు వచ్చిందట. లోకం మొత్తం మీద అలాంటివి వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే ఉన్నాయట. డోరు లోపలి అట్ట విప్పి చూస్తే, బయట అద్దంలా మెరిసే రేకుకు లోపలంతా సుత్తి దెబ్బల గుర్తులు.

"మిషన్లో నొక్కిన రేకు కాదు మే అది," అని చెప్పేవాడు బావ. "ఎవురో ఒకాయప్ప కూచోని, ఒకో దెబ్బా సూసుకుంటా కొట్టినాడు. ఆ గుర్తుల మీద చెయ్యి పెట్టినంక నాకు ఇంగే పనీ రుచించలేదు."

కడపకు తిరిగివచ్చి అదే చేశాడు. ఇసుక మూట మీద అల్యూమినియం రేకు పరిచి, కొయ్య సుత్తితో కొట్టి కొట్టి, నడుము ఎత్తు కూడా లేని ఒక కారును తయారుచేశాడు. పాడైపోయిన ఒక విదేశీ కారులోంచి ఆరు సిలిండర్ల ఇంజన్ తెచ్చి, దాన్ని విప్పి మళ్లీ కట్టి, సీట్ల వెనక బిగించాడు. మొత్తం బండి మామూలు కారు బరువులో సగం ఉంటుందేమో. అన్నిటికంటే ఎక్కువ కాలం పట్టింది ముక్కుకు. గుండ్రంగా వచ్చి, చివర కొద్దిగా పైకెత్తినట్టు ఉండే ఆ ముందు భాగం కోసం ఎన్ని రేకులు చెడగొట్టాడో నాకు తెలుసు. అది పూర్తయిన రోజు అక్కను, నన్ను పిలిచి, దీపం పక్క నుంచి పట్టుకుని చూపించాడు. వెలుతురు దాని మీద ఎక్కడా తెగకుండా జారిపోయింది. అంత అందమైన వస్తువును మా ఇంట్లో ఎవరూ అంతకుముందు చేయలేదు.

అది మామూలు రోడ్ల మీద తిరగడానికి కాదు, ట్రాకు మీద నడపడానికే. అప్పగించే ముందు గట్టిగా పరుగెత్తించి చూడాలి. బావ పొడవు మనిషి. సీటు తీసేసి, నేల మీద దుప్పటి మడిచి వేసుకుని, మోకాళ్లు చెవుల దగ్గర పెట్టుకుని షెడ్డు ఆవరణలో నెమ్మదిగా తిప్పగలడు, అంతే. వేగంగా పోవాలంటే సీటు కావాలి, బెల్టులు కావాలి. ఆ సీటులో పట్టేది ఆ పెద్దాయన, లేకపోతే నేను.

"నువ్వు పోతావా మే?" అని బావ అడిగాడు. నేను సమాధానం చెప్పేలోపే అక్క కుట్టు మిషను ఆపేసింది.

"అది పోదు," అంది.

"అదేమన్నా చిన్నపిల్లనా? కారు నేర్పే మనిషి."

"నలభైలో నేర్పిస్తాది. నువ్వు పొమ్మంటాండేది ఎంతలో?"

నేను పోతానన్నాను. నిజం చెప్పాలంటే, ఆ రెండేళ్లూ ఆ సీటులో కూర్చున్నప్పుడల్లా నాకు అదే కోరిక. అక్క నా వైపు చూసి, మళ్లీ మిషను తొక్కడం మొదలుపెట్టింది.

ఆలూరు వైపు కొత్తగా వేసిన బైపాస్ ముక్క ఒకటి ఇంకా బండ్లు వదలకుండా ఖాళీగా ఉంది. దాని కాంట్రాక్టరు ఆ పెద్దాయనకు స్నేహితుడు. రెండు చివరలా డ్రమ్ములు అడ్డం పెట్టించి, మాకు ఆ ఒక్క రోజు రోడ్డు ఇప్పించాడు. ఉదయం మేము నడిపి చూసుకోవాలి, మధ్యాహ్నం ఆయన కూతురితో వచ్చి తానే నడుపుతాడు. బండిని లారీలో ఎక్కించుకుని తెల్లవారేసరికి చేరుకున్నాం. కోతలైపోయిన జొన్న చేలు, ఎర్రమట్టి, దూరంగా గుట్టల మీద వరసగా గాలి మరలు. అక్క కూడా వచ్చింది. రానంటుందనుకున్నాను. మంటలార్పే సిలిండరు ఒళ్లో పెట్టుకుని లారీ నీడలో కూర్చుని, కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుంది.

మొదటిసారి వందకు పోయాను. ఆ బండి గురించి నేను ఎవరికి చెప్పినా ఆ మొదటి పరుగు గురించే చెప్పాలనిపిస్తుంది. వీపు వెనకే ఇంజన్, నేలకు జానెడు ఎత్తులో నేను. స్టీరింగ్ పట్టుకుంటే రోడ్డు మీద గులకరాయి కూడా చేతికి తెలుస్తుంది. కాలు ఇంత ఆనించగానే వెనక నుంచి ఎవరో తోసినట్టు సీటుకు అతుక్కుపోయాను. నాకు తెలియకుండానే హెల్మెట్‌లో గట్టిగా నవ్వుతున్నాను. రెండోసారి నూటయాభై. అప్పుడు కూడా బాగానే పోయింది. స్టీరింగ్ కొంచెం తేలికైనట్టు అనిపించింది కానీ, వేగంలో అలాగే ఉంటుందేమో అనుకున్నాను. నాకేం తెలుసు, నేను అంత వేగం ఎప్పుడు చూశాను?

మూడోసారి బావ కిటికీ దగ్గర వంగి, "ఈసారి వదిలిపెట్టు. రోడ్డు సగం దాటేలోపల కాలు తియ్యి," అన్నాడు.

వేగం చూపే ముల్లు నూట ఎనభై దాటింది. అప్పుడు నా చేతుల్లో స్టీరింగ్ ఖాళీ అయిపోయింది. ఊడిపోలేదు, బిగుసుకుపోలేదు. దాని వెనక ఏమీ లేనట్టు అయిపోయింది, అంతే. గులకరాళ్లు తెలియడం ఆగిపోయింది. బండి కొద్దికొద్దిగా ఎడమకు జరుగుతోంది. ఎడమ పక్కన కల్వర్టు పిట్టగోడ ఉంది. కుడికి తిప్పాను. ఏమీ జరగలేదు. ఇంకొంచెం తిప్పాను. బండి నా మాట వినలేదు. ఎదురుగా ఎప్పుడూ రోడ్డు కనిపించే చోట ఇప్పుడు ముక్కు ఎక్కువగా, రోడ్డు తక్కువగా కనిపిస్తోంది.

బ్రేకు తొక్కాలని కాలు లేచింది. తొక్కలేదు. వానలో జారే రోడ్డు మీద నా స్టూడెంట్లు ఇలాగే స్టీరింగ్ పూర్తిగా తిప్పేస్తారు. టైరుకు పట్టు దొరికిన క్షణంలో బండి తిప్పిన వైపుకు విసిరికొడుతుంది. "బ్రేకు తొక్కొద్దు, తిప్పొద్దు" అని వాళ్లకు నేను అరిచి చెప్పే మాటే నాకు నేను చెప్పుకున్నాను. యాక్సిలరేటర్ మీద కాలు మెల్లగా, చాలా మెల్లగా ఎత్తాను. పిట్టగోడ దగ్గరవుతుంటే స్టీరింగ్‌ను దాదాపు నేరుగా తెచ్చి పట్టుకున్నాను. గోడ వైపుకు పోతున్న బండిలో కూర్చుని స్టీరింగ్‌ను నేరుగా పెట్టడమంటే ఏమిటో మాటల్లో చెప్పలేను. ముక్కు దిగింది. ముందు చక్రాలు రోడ్డును అందుకున్నాయి. బండి ఒక్కసారి కుడికి దూకి, నా చేతుల్లోకి తిరిగి వచ్చింది. పిట్టగోడ నా భుజం పక్కనుంచి పోయింది. దాని తెల్లసున్నం మీద కారిన గీతలు కూడా చూశాను.

బండి ఆపాను. బావ పరుగెత్తుకొచ్చి బెల్టులు విప్పాడు. అక్క అతని వెనకే వచ్చింది.

"ముందర లేస్తాండాది బావా," అన్నాను. "స్టీరింగ్ పనిచేయలేదు."

"గాలి మే. ఈ పక్క గాలి ఎక్కువ. అడ్డగాలి కొట్టింటాది."

నేను గుట్టల వైపు చెయ్యి చూపించాను. గాలి మరలన్నీ నిలబడిపోయి ఉన్నాయి. ఒక్క రెక్క కూడా కదలడం లేదు. బావ వాటి వైపు చూసి, తల తిప్పుకుని, "టైర్లలో గాలి ఎక్కువైందేమో," అన్నాడు. కూర్చుని టైర్లు చూడడం మొదలుపెట్టాడు.

అక్క అతని మీద అరవలేదు. పక్కన నిలబడి, "ఆయప్ప కూతురు గూడా పక్క సీట్లో కూచుంటాదంట గదా," అంది. అంతే.

బావ టైర్లు వదిలి లేచాడు. "నాకు కండ్లారా సూడాల," అన్నాడు. నా ఫోనును డోరు పక్కన టేపుతో అతికించాడు. ముందు చక్రానికీ, దాని మీది మడ్‌గార్డు రేకుకూ మధ్య సందు అందులో కనిపిస్తుంది. బండి నిలబడి ఉన్నప్పుడు అక్కడ రెండు వేళ్లు పడతాయి. ముందు భాగం నిజంగా లేస్తే ఆ సందు పెరగాలి. ఇంకోసారి నడిపితే తెలిసిపోతుంది. నడపాల్సింది నేను.

"చాలు," అంది అక్క. "మీ ఇద్దురికీ చెప్తాండా. చాలు."

"నూటయాభై దాటను అక్కా. దాంట్లో ఏమీ కాలేదు."

"దాంట్లో గూడా లేసింటాది. నీకు తెలీలేదు, అంతే."

ఆమె చెప్పింది నిజమే కావచ్చు. అది నిజమో కాదో తేలాలనే పోయాను. మొదటి పరుగులో ఉన్న నవ్వు లేదు. నూటయాభై రాగానే కాలు తీసేసి, ఆపి, ఫోను ఊడదీసి బావ చేతికిచ్చాను. లారీ నీడలో ముగ్గురం తలలు దగ్గర పెట్టి చూశాం. సందు మొదట సన్నగా ఉంది. వేగం పెరిగేకొద్దీ, చీకటి గీత ఒకటి లావవుతూ పోయినట్టు పెరిగింది. చివరికి అక్కడ నా అరచెయ్యి పట్టేంత ఖాళీ. బావ మళ్లీ చూశాడు. మళ్లీ చూశాడు. ఎత్తుగా ఉన్న ఆ ముక్కు కిందికి గాలి దూరి, బండిని కింద నుంచి ఎత్తుతోంది. అంత వేగంలో అది కారు కాదు, గాలిపటం.

ఇక ఏం చేయాలో మాట్లాడుకునేలోపే డ్రమ్ముల దగ్గర దుమ్ము లేచింది. పెద్దాయన చెప్పిన వేళకంటే ముందే వచ్చేశాడు. వెనక రెండు కార్లలో స్నేహితులు. కాలేజీలో చదివే కూతురు ముందే దిగి, బండి చుట్టూ తిరిగి, ముక్కు మీద చెయ్యి వేసి నిమిరింది. "నాన్నా, ఇది చేత్తో చేసినారంటే నమ్మేటట్టు లేదు," అంది.

పెద్దాయన చేతికి గ్లౌజులు తొడుక్కుంటూనే వచ్చాడు. మాతో రెండు మాటలు మాట్లాడి, నేరుగా పోయి సీటులో దూరాడు. సరిగ్గా పట్టాడు. "ఏమప్పా, నా కోసమే పుట్టినట్టుండాది!" అని గట్టిగా నవ్వి, ఇంజన్ స్టార్ట్ చేశాడు. స్నేహితులు ఫోన్లు పైకెత్తారు. కూతురు అటువైపు డోరు తెరిచి ఒక కాలు లోపల పెట్టింది.

"ఎంత దాకా పోయినారు?" అని నన్ను అడిగాడు.

నేను బావ వైపు చూశాను. అతను బండి పక్కన కొయ్యలా నిలబడ్డాడు. రెండేళ్ల పని, అంతమంది ముందు. అతను చెప్పకపోతే నేను చెప్పాలి. చెప్తే ఆ షెడ్డులో నాకు మళ్లీ చోటుండదు. అక్క మంటలార్పే సిలిండరును రెండు చేతులతో పట్టుకుని నా వెనక నిలబడి ఉంది. ఆమె ఊపిరి నాకు వినిపిస్తోంది. ఇంజన్ గుర్రుమని లేస్తోంది, పడుతోంది. నేను నోరు తెరిచాను.

బావ వంగి, కిటికీలోంచి చెయ్యి పెట్టి మెయిన్ స్విచ్చు ఆఫ్ చేశాడు.

"దిగండన్నా," అన్నాడు.

"ఏమైందప్పా?"

"ముందర లేస్తాండాది. నేను చేసిన ముక్కే తప్పు. ఈ పొద్దు మీరు నడిపేదానికి లేదు."

పెద్దాయన ముఖం ఎర్రబడింది. స్నేహితులు ఫోన్లు దించారు. "ఇంతమందిని పిల్సుకోని వచ్చినా. ఇప్పుడా చెప్పేది? నిదానంగా పోతాలే, తియ్యి చెయ్యి."

"మీరు నిదానంగా పోరన్నా. దాంట్లో కూచున్నోళ్లు ఎవురూ పోరు. మా మరదలు పొద్దున గోడకు తగిలేది తప్పింది." బావ ఫోను తీసి ఆయన చేతికిచ్చాడు.

ఆయన సీటులోనే కూర్చుని చూశాడు. కూతురు కూడా అటువైపు నుంచి వంగి చూసింది. ఆమె కాలు వెనక్కి తీసుకోవడం నేను చూశాను. తర్వాత నా దగ్గరికి వచ్చి మెల్లగా అడిగింది. "ఆంటీ, ఇది మీరు గోడ దగ్గర తప్పించుకున్నాక తీసిన వీడియోనా? మళ్లీ ఎందుకు ఎక్కినారు?"

"చూడాలి కదమ్మా," అన్నాను.

పెద్దాయన దిగి, గ్లౌజులు విప్పి జేబులో పెట్టుకుని, ఒక్క మాట కూడా అనకుండా వెళ్లిపోయాడు. దుమ్ము అణిగేదాకా మేము అక్కడే నిలబడ్డాం. కడపకు తిరిగివచ్చే దారంతా లారీలో ముగ్గురం పక్కపక్కనే కూర్చున్నాం. బావ ఒక చోట, ఎవరితోనో అన్నట్టు, "నేను పిట్టగోడ సూసినా, బండిలో పక్క సీట్లో కూచున్నట్టు సూసినా," అన్నాడు.

కొన్నాళ్లు షెడ్డు తలుపు తెరవలేదు. తెరిచిన రోజు అక్క నాకు ఫోను చేసి రమ్మంది. నేను పోయేసరికి బావ ముక్కు మీద సుద్దతో గీతలు గీసి, కోసే మిషను చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నాడు. అలా ఎంతసేపటి నుంచి నిలబడ్డాడో. అక్క పోయి ముక్కును రెండు చేతులతో కదలకుండా పట్టుకుంది. "కోయి," అంది. అప్పుడు కోశాడు. ఆ చప్పుడుకు నాకు పళ్లు జిల్లుమన్నాయి.

కొత్త ముక్కు కిందికి వంగింది. దాని కింద నేలకు దగ్గరగా ఒక పలుచని పెదవి వచ్చింది, గాలిని కిందికి దూరనివ్వకుండా. చక్రాల మీద మడ్‌గార్డులకు చీలికలు పెట్టాడు, లోపల చిక్కిన గాలి పైకి పోవడానికి. నేల అడుగున నున్నటి రేకు బిగించాడు. వానాకాలం మొత్తం అదే పని. ఈసారి రేకుల మీద ఉన్ని దారాలు వరసగా అతికించి, షెడ్డు వెనక మైదానంలో నేను నడుపుతుంటే అవి ఏ వైపుకు ఎగురుతున్నాయో ఫోనులో తీసి చూసేవాళ్లం. ఎక్కడ దారం వెనక్కి తిరిగితే అక్కడ బావ మళ్లీ సుత్తి పట్టేవాడు. బండి మునుపటంత అందంగా లేదు. ఇప్పుడు దానికి కోపంగా తల వంచిన ఎద్దు ముఖం వచ్చింది. ఆ మాట అంటే బావ నొచ్చుకుంటాడని అనలేదు. అక్క అనేసింది. "ఇదే నయం. అది మొగం పైకెత్తుకోని పోతాండె," అంది. చాలా రోజుల తర్వాత బావ నవ్వడం అప్పుడే చూశాను.

బావ పోయి కాంట్రాక్టరును బతిమాలి, ఇంకా తెరవని ఆ రోడ్డును మళ్లీ ఒక పూట అడిగి తెచ్చాడు. అదే రోడ్డు మీద, అదే వేగంలో నేనే నడిపాను. నూట ఎనభైలో గులకరాళ్లు నా చేతికి తెలిశాయి. ఫోనులో ఆ సందు రెండు వేళ్లే ఉంది. అయినా దిగాక అక్క నన్ను తడిమి తడిమి చూసింది.

ఆ వీడియోను బావ పెద్దాయనకు పంపాడు. వారం దాకా సమాధానం లేదు. ఆయన ఇంకో కారు తీసుకున్నాడని ఎవరో చెప్పారు. బావ నమ్మాడు. నేనూ నమ్మాను. ఒక ఉదయం ఆయనే కూతురితో షెడ్డు ముందు దిగాడు. ముక్కు చుట్టూ తిరిగి, చీలికల్లో వేళ్లు పెట్టి చూసి, మోకాళ్ల మీద వంగి అడుగు రేకు చూశాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"నువ్వు నడుపుమ్మా. నేను పక్కన కూచుంటా. ఆ పొద్దు నువ్వు పోయినంత పో."

మళ్లీ ఆలూరు రోడ్డు. ఆయన డోరు పట్టీని పట్టుకుని, ముల్లు మీద కళ్లు పెట్టి కూర్చున్నాడు. కల్వర్టు దాటేటప్పుడు కళ్లు మూసుకున్నాడు. ఆపాక చాలాసేపు హెల్మెట్ తీయలేదు. తీశాక, "ఆ పొద్దు నేను మాట్లాడకుండా పోయినా," అన్నాడు బావతో. "ఏం మాట్లాడాలో తెలీలేదప్పా. నా బిడ్డ కాలు లోపల పెట్టింది." బావ తలూపాడు. ఇద్దరూ పోయి బండికి చెరొక పక్క నిలబడ్డారు.

బండి చెన్నై దగ్గరి ట్రాకుకు పోయింది, బావ దానితో పాటే పోయాడు. మరుసటి రోజు క్లాసులు ముగించుకుని అక్క ఇంట్లో కూర్చుని ఉండగా ఫోను వచ్చింది. అక్క స్పీకరు పెట్టింది. ముందు ఏమీ వినిపించలేదు, గాలి మాత్రమే. తర్వాత దూరం నుంచి సన్నగా మొదలై, పెరిగి, మా వంటింటి గుండా పోయినట్టు ఆ ఇంజన్ చప్పుడు దూసుకుపోయింది. అది ఒక చుట్టు తిరిగి మళ్లీ వచ్చేదాకా ఇద్దరం ఫోను మీదికి వంగి ఉన్నాం. మళ్లీ వచ్చింది. మళ్లీ పోయింది.

"ఎవురు నడుపుతాండారు?" అని అక్క అడిగింది.

"ఆయప్పే," అన్నాడు బావ.

"పక్కన?"

"కూతురు," అన్నాడు.

అక్క కుర్చీలో వెనక్కి వాలి, ఫోనును మా ఇద్దరి మధ్య బల్ల మీద పెట్టింది. "ఫోను పెట్టేయొద్దు," అని బావకు చెప్పింది. "బండి ఆపి, ఇద్దురూ దిగేదాకా అట్లే పట్టుకో."